కాలేయంలో జన్యువులను నడిపే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటే డీఎన్ఏ మీద కూర్చుని, జన్యువు నుంచి ఎంఆర్ఎన్ఏ నకలు తీసే పనిని (ట్రాన్స్‌క్రిప్షన్) పెంచే లేదా తగ్గించే ప్రొటీన్లు. కాలేయ జన్యు నియంత్రణ గురించి చదివేవాళ్లకూ, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకూ పదేపదే వచ్చే సందేహాలివి. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లొచ్చు.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

అన్ని కణాల్లో ఉండేది ఒకే డీఎన్ఏ కదా, మరి ఆల్బుమిన్‌ను కాలేయమే ఎందుకు తయారు చేస్తుంది?

ఆల్బుమిన్ జన్యువు చర్మ కణంలోనూ చెక్కుచెదరకుండానే ఉంటుంది. కాకపోతే అక్కడ అది హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ బిగిసిపోయి ఉంటుంది, దాన్ని తెరిచే ప్రొటీన్లూ ఉండవు. హెపటోసైట్‌లో, అంటే ప్రధాన కాలేయ కణంలో, ఆ జన్యువు ప్రమోటర్ (జన్యువు మొదట్లోని స్విచ్ భాగం) మీదా, ఎలుకలో అయితే దానికి దాదాపు 10 కిలోబేస్‌ల (10 వేల డీఎన్ఏ అక్షరాల) ఎగువన ఉన్న ఎన్‌హాన్సర్ (దూరం నుంచి జన్యువును పెంచే భాగం) మీదా హెచ్‌ఎన్‌ఎఫ్1 ఆల్ఫా, సీఈబీపీ, ఫాక్స్ఏ వంటి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు గుంపుగా చేరతాయి. మనిషిలో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు సుమారు 1600 ఉన్నాయి. వీటిలో కాలేయానికి ముఖ్యమైనవాటిని తీసుకున్నా, అవి కాలేయంలోనే ఉండేవి కావు. హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా పేగులోనూ మూత్రపిండంలోనూ ఉంటుంది, సీఈబీపీ ఆల్ఫా కొవ్వు కణంలోనూ ఉంటుంది. అన్నీ ఒకేచోట, తగినంత మోతాదులో కలిసేది మాత్రం హెపటోసైట్‌లో.

జాబితా చాలా పెద్దదిగా ఉంది. ఏ ఫ్యాక్టర్లు తెలిస్తే సరిపోతుంది?

రెండు గుంపులుగా చూడండి. మొదటి గుంపు కణానికి 'నేను హెపటోసైట్‌ని' అనే గుర్తింపు ఇచ్చేది: హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా, హెచ్‌ఎన్‌ఎఫ్1 ఆల్ఫా, ఫాక్స్ఏ1, 2, 3, సీఈబీపీ ఆల్ఫా, హెచ్‌ఎన్‌ఎఫ్6. ఇవి ఒకదాని జన్యువును ఒకటి నడుపుకుంటూ వలలా అల్లుకుని ఉంటాయి. రెండోది శరీరం పంపే కబురును బట్టి పనిచేసేది: తిండికీ ఉపవాసానికీ ఫాక్స్ఓ1, క్రెబ్, ఎస్‌ఆర్‌ఈబీపీ, సీహెచ్‌ఆర్‌ఈబీపీ, పీపార్ ఆల్ఫా, పైత్యరసానికి ఎఫ్‌ఎక్స్‌ఆర్, మందులకు పీఎక్స్‌ఆర్, కార్ (సీఏఆర్), మంటకు (ఇన్‌ఫ్లమేషన్‌కు) స్టాట్3. ఒక్కదాన్నే లోతుగా చదివే తీరిక ఉంటే హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫాను పట్టుకోండి. మనిషి హెపటోసైట్‌లలో చురుగ్గా ఉన్న జన్యువుల్లో దాదాపు సగం మీద అది కనిపిస్తుందని 2004లోనే తేలింది.

ఫ్యాక్టర్ డీఎన్ఏ మీద కూర్చుంటే జన్యువు ఆన్ అయినట్టేనా?

కాదు. ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. కూర్చున్న ఫ్యాక్టర్ ఎవరిని వెంటబెట్టుకొస్తుందన్నది అసలు విషయం. పీ300, సీబీపీ అనే ఎంజైమ్‌లు వస్తే హిస్టోన్ల మీద ఎసిటైల్ గుర్తులు పడి ట్రాన్స్‌క్రిప్షన్ పెరుగుతుంది. రెవ్-ఎర్బ్ ఆల్ఫా అనే ఫ్యాక్టర్ ఎన్‌కోర్‌నూ, ఆ గుర్తులను చెరిపే హెచ్‌డీఏసీ3నూ తెస్తుంది కాబట్టి అది కూర్చున్నచోట జన్యువు అణిగిపోతుంది. ఇక ఏ ప్రభావమూ చూపని బైండింగ్ కూడా బోలెడంత. ఒక ఫ్యాక్టర్‌కు జీనోమ్‌లో వేలకొద్దీ పీక్‌లు, అంటే అది కూర్చున్న చోట్లు, దొరుకుతాయి, దాన్ని తీసేస్తే ఎంఆర్ఎన్ఏ మారే జన్యువులు మాత్రం అందులో చిన్న వంతే.

## కాలేయ కణం ఏర్పడే దశ

'పయనీర్ ఫ్యాక్టర్' మిగతావాటికన్నా భిన్నంగా చేసేదేమిటి?

మామూలు ఫ్యాక్టర్ తెరిచి ఉన్న డీఎన్ఏ మీదే తేలిగ్గా కూర్చోగలదు. ఫాక్స్ఏ అలా కాదు, న్యూక్లియోసోమ్‌కు (హిస్టోన్ల ఉండకు) చుట్టుకుని ఉన్న డీఎన్ఏలోనూ తన వరుసను గుర్తుపడుతుంది. దాని డీఎన్ఏ పట్టుకునే భాగం లింకర్ హిస్టోన్ హెచ్1ను పోలి ఉంటుంది. అందుకే హిస్టోన్ల పక్కన చోటు చేసుకుని క్రొమాటిన్‌ను, అంటే డీఎన్ఏ-హిస్టోన్ల చుట్టను, వదులు చేయగలదు. పిండంలో కాలేయం ఇంకా మొలకెత్తక ముందే, ఆల్బుమిన్ పలకక ముందే, దాని ఎన్‌హాన్సర్ మీద ఫాక్స్ఏ కనిపిస్తుంది.

ఫాక్స్ఏ తీసేస్తే కాలేయమే ఏర్పడదా?

ఒక్కటి తీస్తే మరొకటి సర్దుకుంటుంది. ఎలుక పిండంలో ముందరి పేగు ఎండోడెర్మ్ (పిండపు లోపలి పొర) నుంచి ఫాక్స్ఏ1, ఫాక్స్ఏ2 రెంటినీ తీసేస్తే కాలేయపు మొలకే రాదు. ఎదిగిన ఎలుకలో మూడింటినీ తొలగిస్తే హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా కూడా తన చోట్ల నుంచి జారిపోయి, కాలేయం పనిచేయడం మానేస్తుంది. అంటే దారి తెరవడంతో దాని పని తీరిపోదు, ఆ దారిని తెరిచి ఉంచడం కూడా దాని బాధ్యతే.

చర్మ కణాన్ని ఫ్యాక్టర్లతో కాలేయ కణంగా మార్చవచ్చా?

2011లో రెండు బృందాలు ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లతో (చర్మం వంటి చోట్ల ఉండే బంధన కణాలతో) చేసి చూపించాయి. ఒకరు గాటా4, హెచ్‌ఎన్‌ఎఫ్1 ఆల్ఫా, ఫాక్స్ఏ3 పెట్టి, కణ విభజనకు అడ్డుపడే పీ19ఏఆర్‌ఎఫ్‌ను అణిచారు. ఇంకొకరికి హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫాతో పాటు ఏదో ఒక ఫాక్స్ఏ సరిపోయింది. ఆ కణాలు ఆల్బుమిన్ చేశాయి, జబ్బు ఎలుకలను కొంతవరకు కాపాడాయి. అలాగని అవి అసలు హెపటోసైట్‌తో సమానం కావు.

## తిండి, ఉపవాసం, మంట

భోజనం తర్వాత ఒక రకం జన్యువులు, ఆకలిలో మరో రకం. ఎవరు మారుస్తారు?

ఆకలిలో గ్లూకగాన్ హార్మోన్ పెరుగుతుంది. దాని వల్ల కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్ క్రెబ్‌ను 133వ సెరీన్ వద్ద ఫాస్ఫోరిలేట్ చేస్తుంది, అంటే ఫాస్ఫేట్ తగిలిస్తుంది. క్రెబ్ తన తోడు సీఆర్‌టీసీ2తో కలిసి పీసీకే1, జీ6పీసీ జన్యువులను లేపుతుంది, గ్లూకోజ్ తయారీ మొదలవుతుంది. ఇన్సులిన్ తక్కువగా ఉంది కాబట్టి ఫాక్స్ఓ1 కూడా కేంద్రకంలోనే ఉండి అదే జన్యువులకు సాయం చేస్తుంది. కొవ్వును కాల్చే జన్యువులను పీపార్ ఆల్ఫా చూసుకుంటుంది.

తిన్నాక ఇన్సులిన్ వస్తుంది. ఏకేటీ అనే కైనేజ్ ఫాక్స్ఓ1 మీద మూడు చోట్ల ఫాస్ఫేట్ తగిలిస్తే, 14-3-3 ప్రొటీన్ దాన్ని పట్టి కేంద్రకం బయటికి పంపేస్తుంది. పీసీకే1 ఎంఆర్ఎన్ఏ సగం ఆయుష్షు అరగంటే కాబట్టి ట్రాన్స్‌క్రిప్షన్ ఆగిన కాసేపటికే దాని మట్టం పడిపోతుంది. అదే సమయంలో ఇన్సులిన్ వల్ల ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ, గ్లూకోజ్ వల్ల సీహెచ్‌ఆర్‌ఈబీపీ లేచి కొవ్వు తయారీ జన్యువులను నడుపుతాయి.

టైప్ 2 మధుమేహంలో ఇక్కడే చిక్కు. ఇన్సులిన్ మాట గ్లూకోజ్ తయారీని ఆపే దారిలో చెల్లదు, కొవ్వు చేసే దారిలో మాత్రం చెల్లుతూనే ఉంటుంది. చక్కెర, ట్రైగ్లిసరైడ్‌లు రెండూ కలిసి పెరగడానికి ఇదొక కారణం.

స్టాటిన్ మందు కొలెస్టరాల్ తయారీని ఆపుతుంది సరే, రక్తంలోని ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) ఎందుకు తగ్గుతుంది?

తగ్గించేది ఎస్‌ఆర్‌ఈబీపీ-2. అది మామూలుగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొరలో, స్కాప్ ప్రొటీన్‌తో జతగా, ఇన్‌సిగ్ పట్టులో బందీగా ఉంటుంది. ఆ పొర లిపిడ్‌లలో కొలెస్టరాల్ వాటా సుమారు 5 శాతం కన్నా తగ్గితే ఇన్‌సిగ్ వదిలేస్తుంది. జంట గాల్జీకి చేరుతుంది, అక్కడ రెండు ప్రొటియేజ్‌లు (ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్‌లు) వరుసగా కోస్తే చురుకైన ముక్క కేంద్రకానికి వెళ్లి ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువును పెంచుతుంది. స్టాటిన్ కణం లోపల కొలెస్టరాల్ కొరత తెస్తుంది, రిసెప్టర్‌లు పెరిగి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాగుతాయి.

ఒక మెలిక ఉంది: ఎస్‌ఆర్‌ఈబీపీ-2 పీసీఎస్‌కే9 జన్యువును కూడా పెంచుతుంది, ఆ ప్రొటీన్ వచ్చి అవే రిసెప్టర్‌లను నాశనానికి పంపుతుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ మరో 6 శాతం మాత్రమే తగ్గడానికి ఇదొక కారణం. పీసీఎస్‌కే9ను అడ్డుకునే మందులు స్టాటిన్‌తో కలిసి బాగా పనిచేసేదీ అందుకే.

పైత్య ఆమ్లాలు ఎక్కువైతే కాలేయానికి ఎలా తెలుస్తుంది?

అవే ఎఫ్‌ఎక్స్‌ఆర్‌కు లైగాండ్‌లు, అంటే దానికి అతుక్కుని దాన్ని లేపే అణువులు. వాటిలో కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం బలమైనది. ఎఫ్‌ఎక్స్‌ఆర్ చురుకైతే కాలేయంలో ఎస్‌హెచ్‌పీ అనే అణిచే ప్రొటీన్ పెరిగి, పైత్య ఆమ్లాల తయారీలో మొదటి మెట్టయిన సీవైపీ7ఏ1 జన్యువును అణుస్తుంది. చిన్నపేగు చివరి భాగంలోని ఎఫ్‌ఎక్స్‌ఆర్ ఎఫ్‌జీఎఫ్19 హార్మోన్‌ను పంపి అదే పని చేయిస్తుంది. ఎలుకలో ఈ హార్మోన్ పేరు ఎఫ్‌జీఎఫ్15. ప్రైమర్లు (పీసీఆర్‌కు వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఆర్డర్ చేసేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే.

ఇన్‌ఫెక్షన్ వస్తే సీఆర్‌పీ (మంటను సూచించే రక్త ప్రొటీన్) పెరిగి ఆల్బుమిన్ తగ్గుతుంది. రెండూ కాలేయమే చేస్తుంది కదా?

అవును, రెంటి వెనకా జన్యు నియంత్రణే ఉంది. మంట కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్-6 హెపటోసైట్‌ను తాకితే జాక్ కైనేజ్‌లు స్టాట్3ను 705వ టైరోసిన్ వద్ద ఫాస్ఫోరిలేట్ చేస్తాయి. స్టాట్3, సీఈబీపీ బీటా కలిసి సీఆర్‌పీ, సీరమ్ అమిలాయిడ్ ఏ, ఫైబ్రినోజన్, హెప్సిడిన్ జన్యువులను పెంచుతాయి. ఆల్బుమిన్ ట్రాన్స్‌క్రిప్షన్ అదే సమయంలో తగ్గుతుంది. కానీ ఆల్బుమిన్ సగం ఆయుష్షు సుమారు 20 రోజులు. కాబట్టి మొదటి రోజుల్లోనే అది గబుక్కున పడిపోతే, రక్తనాళాల్లోంచి బయటికి కారడం లాంటి వేరే కారణాలు చూడాలి. సీఆర్‌పీ సగం ఆయుష్షు 19 గంటలే, అందుకే జన్యువు ఆగిన సంగతి అందులో త్వరగా కనిపిస్తుంది.

## మందులూ కాలేయ ఫ్యాక్టర్లూ

క్షయ మందు రిఫాంపిసిన్ వాడితే వేరే మందుల ప్రభావం ఎందుకు తగ్గుతుంది?

రిఫాంపిసిన్ పీఎక్స్‌ఆర్‌కు అతుక్కుంటుంది. పీఎక్స్‌ఆర్ ఆర్‌ఎక్స్‌ఆర్ అనే తోడు ఫ్యాక్టర్‌తో జతకట్టి, సీవైపీ3ఏ4తో సహా మందులను విరిచే ఎన్నో ఎంజైమ్‌ల జన్యువులను పెంచుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వంటివి త్వరగా కరిగిపోతాయి. కొత్త ఎంజైమ్ తయారై పోగవ్వాలి కాబట్టి పూర్తి ప్రభావానికి వారం పైనే పడుతుంది. మందు ఆపాక ఎంజైమ్ మట్టం దిగడానికీ సుమారు రెండు వారాలు కావాలి. వార్ఫరిన్ మోతాదు పెంచి ఉంచినవాళ్లకు ఈ రెండో దశలోనే రక్తస్రావం ముప్పు ఉంటుంది, వైద్యులు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం పరీక్ష) దగ్గరగా చూస్తూ మోతాదు దించాలి.

ఎలుకకు రిఫాంపిసిన్ ఇచ్చాను, సీవైపీ3ఏ పెరగలేదు. మందు పాడైందా?

మందు బాగానే ఉండొచ్చు. ఎలుక పీఎక్స్‌ఆర్ రిఫాంపిసిన్‌కు సరిగా స్పందించదు. ఎలుకలో పీసీఎన్, అంటే ప్రెగ్నెనలోన్ కార్బోనైట్రైల్ వాడాలి, అది మళ్లీ మనిషి పీఎక్స్‌ఆర్ మీద అంతగా పనిచేయదు. కార్‌కూ ఇదే తంతు: ఎలుకకు టీసీపీఓబీఓపీ, మనిషి కణాలకు సిట్కో. రెంటిలోనూ పనిచేసేది ఫినోబార్బిటాల్.

## ల్యాబ్‌లో ప్రయోగం మొదలుపెట్టాక

ల్యాబ్‌లో పెంచే హెప్‌జీ2 కాలేయ క్యాన్సర్ కణాలు సరిపోతాయా?

ప్రశ్న మీద ఆధారపడుతుంది. ఎల్‌డీఎల్ రిసెప్టర్, ఎస్‌ఆర్‌ఈబీపీ పనికి పరవాలేదు. లూసిఫరేజ్ రిపోర్టర్‌కు (ప్రమోటర్ చురుకును వెలుగుగా చూపే పరీక్షకు) సుఖం, ఎందుకంటే దాన్ని మోసే ప్లాస్మిడ్ డీఎన్ఏ తేలిగ్గా ఎక్కుతుంది. మందుల మెటబాలిజం అయితే వద్దు: ఇవి హెపటోబ్లాస్టోమా అనే కాలేయ కణితి నుంచి వచ్చిన కణాలు, సీవైపీ3ఏ4 చాలా తక్కువ, సీఈబీపీ ఆల్ఫా కూడా తక్కువే. ఆ పనికి హెపాఆర్‌జీ అనే మరో కణ రకం మేలు. కాకపోతే రెండు వారాలు పెంచి, ఇంకో రెండు వారాలు డీఎంఎస్ఓ ఉన్న మీడియంలో పరిపక్వం చేయాలి.

ప్రైమరీ హెపటోసైట్‌లు (కాలేయం నుంచి నేరుగా తీసినవి) రెండు రోజుల్లోనే తీరు మార్చేస్తున్నాయి. ఏం చేయాలి?

కొలాజినేజ్ ఎంజైమ్‌తో విడదీయడమే కణానికి గాయం లాంటిది. 24 నుంచి 48 గంటల్లో హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా, సీఈబీపీ ఆల్ఫా తగ్గి, వాటితో పాటే సీవైపీ జన్యువులూ పడిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో 50 జీ (గురుత్వానికి 50 రెట్ల బలం) దగ్గర 3 నుంచి 5 నిమిషాలు తిప్పితే బరువైన హెపటోసైట్‌లు అడుగుకు చేరతాయి, మిగతా కణాలు పైనే ఉంటాయి. చచ్చిన కణాలకు రంగు పట్టించే ట్రిపాన్ బ్లూతో చూసినప్పుడు బతికున్నవి 85 శాతం కన్నా తక్కువైతే ఆ ప్లేట్ మీద ఆశ పెట్టుకోకండి. కొలాజన్ మీద పరిచి పైన మ్యాట్రిజెల్ పొర వేయడం, మీడియంలో 100 నానోమోలార్ డెక్సామెథసోన్ ఉంచడం మార్పును నెమ్మది చేస్తాయి, ఆపలేవు. సహజ స్థితి కావాలంటే మొదటి రోజే కణాలను సేకరించండి, లేదా కణాల బదులు నేరుగా కణజాలం వాడండి.

కాలేయ కణజాలం నుంచి చిప్-సీక్ ఎలా చేయాలి?

చిప్-సీక్ అంటే ఫ్యాక్టర్ కూర్చున్న డీఎన్ఏ ముక్కలను యాంటీబాడీతో పట్టి సీక్వెన్స్ చేయడం. గ్రాము కాలేయంలో హెపటోసైట్‌లు సుమారు 10 కోట్లు. ఒక ఫ్యాక్టర్ చిప్‌కు కోటి కణాలు కావాలనుకుంటే 100 మిల్లీగ్రాములు సరిపోతుంది.

1. చల్లని పీబీఎస్ (ఉప్పు బఫర్) ద్రావణంతో రక్తం కడిగేయండి. కణజాలాన్ని ప్రొటియేజ్ నిరోధకాలున్న పీబీఎస్‌లో మిల్లీమీటర్ కన్నా సన్నని ముక్కలుగా తరగండి.
2. ప్రొటీన్లను డీఎన్ఏకు బిగించడానికి (క్రాస్‌లింక్) తాజా ఫార్మాల్డిహైడ్ 1 శాతం, గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు. తర్వాత 125 మిల్లీమోలార్ గ్లైసిన్‌తో 5 నిమిషాలు.
3. డౌన్స్ హోమోజినైజర్‌తో కణాలు విడదీసి, వడగట్టి, కేంద్రకాలు వేరుచేయండి. కొవ్వు పట్టిన కాలేయమైతే తిప్పాక పైన తెల్లని పొర వస్తుంది, దాన్ని ముందే తీసేయండి.
4. ముక్కలు 200 నుంచి 500 బేస్‌పెయిర్‌ల మధ్య వచ్చేదాకా సోనికేషన్ (ధ్వని తరంగాలతో డీఎన్ఏను తెంపడం). ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ కొంచెం తీసి, క్రాస్‌లింక్ విప్పి, జెల్ మీద చూడండి.
5. సోనికేషన్ 1 శాతం ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో చేస్తే యాంటీబాడీ కలిపే ముందు పది రెట్లు పలచన చేయండి. కొంత ఇన్‌పుట్‌గా, అంటే పోల్చి చూసే నమూనాగా, పక్కన పెట్టండి.
6. యాంటీబాడీ 2 నుంచి 5 మైక్రోగ్రాములతో రాత్రంతా 4 డిగ్రీల దగ్గర, బీడ్‌లు, కడగడం, 65 డిగ్రీల దగ్గర రాత్రంతా క్రాస్‌లింక్ విప్పడం.

సీక్వెన్సింగ్‌కు పంపే ముందు క్యూపీసీఆర్ (డీఎన్ఏ మొత్తాన్ని కొలిచే పరీక్ష) తప్పనిసరి. హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫాకైతే ఏపీఓసీ3 ప్రమోటర్ మంచి పాజిటివ్ కంట్రోల్. జన్యువులు లేని ఏదో ఒక ప్రాంతం నెగటివ్‌గా చాలు.

చిప్‌లో ఎన్‌రిచ్‌మెంట్ (నెగటివ్ ప్రాంతం కన్నా ఎక్కువ సిగ్నల్) రావడం లేదు. యాంటీబాడీ మార్చాలా?

అందరూ ముందు యాంటీబాడీనే అనుమానిస్తారు. అంతకన్నా ముందు జంతువు ఏ గంటకు, ఏ స్థితిలో చనిపోయిందో చూడండి. కడుపు నిండిన ఎలుక కాలేయంలో ఫాక్స్ఓ1 వెతికితే దొరకదు, అది కేంద్రకంలోనే లేదు. రెవ్-ఎర్బ్ ఆల్ఫా ఎలుకలో వెలుగు మొదలైన 10 గంటలకు నిండుగా, 22 గంటలకు దాదాపు శూన్యంగా ఉంటుంది.

స్థితి సరిగా ఉంటే ఫిక్సేషన్ చూడండి. పెద్ద ముక్కలైతే అంచులు అతిగా బిగుసుకుపోతాయి, నడిమి భాగానికి ఫార్మాల్డిహైడ్ అందనే అందదు. 10 నిమిషాలు దాటితే సోనికేషన్‌కు లొంగదు, యాంటీబాడీ పట్టాల్సిన చోటు కూడా మూసుకుపోతుంది. మీరు వెతికేది డీఎన్ఏను నేరుగా తాకని కోఫ్యాక్టర్ అయితే ఫార్మాల్డిహైడ్‌కు ముందు, ప్రొటీన్లను ఒకదానికొకటి కట్టే డీఎస్‌జీ 2 మిల్లీమోలార్‌తో అరగంట బిగించండి.

హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫాలో ఇంకో గోతి ఉంది. ఎదిగిన కాలేయం పీ1 ప్రమోటర్ రూపాన్ని వాడుతుంది, పిండ కాలేయంలోనూ కొన్ని కాలేయ క్యాన్సర్లలోనూ పీ2 రూపం కనిపిస్తుంది. తేడా ఎన్-కొన వద్ద. అక్కడికి చేసిన యాంటీబాడీ రెండో రూపాన్ని పట్టదు.

ఎలుకలను రాత్రంతా ఉపవాసం ఉంచి కోయమంటున్నారు. మంచిదేనా?

లాభం ఒకటుంది: తిన్న కాలేయంలో గ్లైకోజన్ దండిగా ఉండి, ఆల్కహాల్‌తో డీఎన్ఏ, ఆర్ఎన్ఏ దించేటప్పుడు అడుగున జిగురులా చేరుతుంది. ఉపవాసం దాన్ని వదిలిస్తుంది. నష్టం ఏమిటంటే 16 గంటల ఉపవాసంలో క్రెబ్, ఫాక్స్ఓ1, పీపార్ ఆల్ఫా అన్నీ మారిపోతాయి. మీ ప్రశ్న మెటబాలిజం గురించి అయితే గ్లైకోజన్‌తో తంటాలు పడటమే నయం. ఏది ఎంచుకున్నా అన్ని జంతువులకూ ఒకే గంట, ఒకే పద్ధతి పాటించాలి.

ఏటాక్-సీక్ (తెరిచి ఉన్న డీఎన్ఏను కనిపెట్టే పద్ధతి) రీడ్‌లలో, అంటే సీక్వెన్సర్ చదివిన ముక్కల్లో, మైటోకాండ్రియా డీఎన్ఏ ఎక్కువగా ఉంటోంది. ఎందుకు?

హెపటోసైట్‌లో మైటోకాండ్రియా మెండు, వాటి డీఎన్ఏకు హిస్టోన్ల అడ్డూ లేదు, డీఎన్ఏను కోసే టీఎన్5 ఎంజైమ్ దాని మీదికి ఎగబడుతుంది. 50,000 కేంద్రకాలు లెక్కించి తీసుకోండి. లైసిస్‌కు ఎన్‌పీ-40 0.1 శాతం, ట్వీన్-20 0.1 శాతం, డిజిటోనిన్ 0.01 శాతం, మంచు మీద 3 నిమిషాలు. తర్వాత ట్వీన్ ఉన్న బఫర్‌తో కడిగితే మైటోకాండ్రియా చాలావరకు పోతుంది. టీఎన్5 చర్య 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు.

ఎన్ని రీడ్‌లు, ఎన్ని నమూనాలు?

ఫ్యాక్టర్ చిప్-సీక్‌కు ఎన్‌కోడ్ (జీనోమ్ డేటా ప్రాజెక్టు) ప్రమాణం ఒక్కో రెప్లికేట్‌కు పనికొచ్చే 2 కోట్ల రీడ్‌లు, కనీసం రెండు జీవ రెప్లికేట్‌లు. కాలేయంలో జంతువుకూ జంతువుకూ తేడా ఎక్కువ కాబట్టి మూడు పెట్టుకోవడం మంచిది.

## ఫలితాలు చేతికొచ్చాక

పీక్‌కు దగ్గరలో ఉన్న జన్యువే దాని టార్గెట్ అనుకోవచ్చా?

తొలి అంచనాగా మాత్రమే. ఎన్‌హాన్సర్ పక్క జన్యువును వదిలేసి దూరాన ఉన్నదాన్ని నడిపే సందర్భాలు కొల్లలు. ఫ్యాక్టర్‌ను తగ్గించినప్పుడు మారిన జన్యువులు, ఆ ప్రాంతంలో హెచ్3కే27 ఎసిటైల్ గుర్తు (చురుకైన ఎన్‌హాన్సర్‌కు ఆనవాలు), క్రొమాటిన్ లూప్ సమాచారం మూడూ ఒకే దిక్కు చూపితే నమ్మండి. చివరి మాట జన్యువులను మార్చే క్రిస్పర్ పద్ధతిది: ఆ ఎన్‌హాన్సర్‌ను అణిచి ఏ జన్యువు తగ్గిందో చూడాలి.

ఎలుకలో కనిపించిన బైండింగ్ మనిషిలోనూ ఉంటుందా?

ఫ్యాక్టరూ దాని డీఎన్ఏ వరుసా దాదాపు ఒకటే అయినా, కూర్చునే చోట్లు చాలావరకు వేరు. అయిదు వెన్నెముక జీవుల కాలేయాల్లో సీఈబీపీ ఆల్ఫా, హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫాలను పోల్చి 2010లో ఇదే తేల్చారు. తేడా కణానిదా, డీఎన్ఏదా అన్న అనుమానం 2008లోనే తీరింది. మనిషి 21వ క్రోమోజోమ్‌ను మోసే ఎలుక హెపటోసైట్‌లలో, ఎలుక ఫ్యాక్టర్లే ఆ క్రోమోజోమ్ మీద మనిషి కాలేయంలో లాగే కూర్చున్నాయి. కాబట్టి మనిషి ఎన్‌హాన్సర్ గురించి చెప్పాలంటే మనిషి డీఎన్ఏ మీదే పరీక్షించాలి.

## జబ్బుల దగ్గర

ఒక్క బైండింగ్ చోటు చెడితే జబ్బు వస్తుందా?

రక్తం సరిగా గడ్డకట్టని జబ్బుల్లో ఒకటైన హీమోఫీలియా బీ లైడెన్ దానికి చక్కటి రుజువు. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 9 ప్రొటీన్‌లో లోపమేమీ ఉండదు, దాని ప్రమోటర్‌లో ఒక్క అక్షరం మారి ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే చోటు నుంచి లెక్కిస్తే మైనస్ 20 దగ్గర మారితే హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా పట్టు సడలుతుంది, ప్లస్ 13 దగ్గర మారితే సీఈబీపీ ఆల్ఫాది. చిన్నతనంలో రక్తం సరిగా గడ్డకట్టదు. యుక్తవయసు వచ్చాక ఆండ్రోజన్ (పురుష హార్మోన్) ప్రభావంతో జన్యువు లేచి, రక్తస్రావాలు తగ్గుముఖం పడతాయి. మైనస్ 26 దగ్గరి మార్పులో మాత్రం ఆ ఉపశమనం లేదు, ఎందుకంటే ఆండ్రోజన్ రిసెప్టర్ కూర్చునే చోటు కూడా అక్కడే ఉంది, అదీ చెడిపోతుంది. బిడ్డకు ఏ మార్పు ఉందో తెలిస్తే, పెద్దయ్యాక చికిత్స అవసరం ఎంతుంటుందో ముందే ఊహించవచ్చు.

మద్యం వల్ల వచ్చే తీవ్ర హెపటైటిస్‌లో ఈ ఫ్యాక్టర్లకు ఏమవుతుంది?

హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా పీ1 నుంచి పీ2 వైపు మళ్లుతుంది, ఎదిగిన కణం పిండ దశ పోకడలకు జారుతుంది. టీజీఎఫ్ బీటా అనే సంకేత ప్రొటీన్ దీన్ని తోస్తుంది. కణాలు బతికే ఉన్నా ఆల్బుమిన్, గడ్డకట్టే ఫ్యాక్టర్లు తగ్గిపోవడానికి ఇదొక కారణం. అందుకే ఫ్యాక్టర్‌నే తిరిగి ఇచ్చే ప్రయత్నాలు సాగుతున్నాయి. హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా ఎంఆర్ఎన్ఏను లిపిడ్ నానోకణాల్లో పెట్టి ఇస్తే ఎలుకల్లో ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చ కణజాలం) తగ్గింది. సీఈబీపీ ఆల్ఫాను లేపే చిన్న ఆర్ఎన్ఏ కాలేయ క్యాన్సర్ రోగుల్లో క్లినికల్ ట్రయల్స్ దాకా వెళ్లింది. ఎంఆర్ఎన్ఏ కొద్ది రోజులకే కరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.